మైనస్ రెండులో తీసిన పెండ్లి

కెమెరా నెత్తిన ప్లస్సు, మైనస్సు గుర్తులున్న చిన్న బటన్ ఒకటి ఉంటుంది. కెమెరా కొన్నవాళ్లలో సగం మంది దాన్ని ఎప్పటికీ తాకరు. తాకినవాళ్లలో కొందరు, తాకిన సంగతి మర్చిపోతారు. నేను ఆ రెండో రకం మనిషిని.

నంద్యాలలో ఇరవై ఆరేండ్లు ఫోటో స్టూడియో నడిపి పోయిన ఏడాది మూసేసినాను. ఎన్ని పెండ్లిళ్లు తీసినానో లెక్క పెట్టుకోలేదు. చాలామటుకు మర్చిపోయినాను కూడా. ఒక పెండ్లిని మాత్రం మర్చిపోలేను. అక్కడ నేను చేసిన తప్పు ఒకటి, దాన్ని కప్పిపెట్టడానికి చెప్పిన మాట ఇంకొకటి. తప్పును ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. మాట నిలబడిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా కెమెరా పట్టుకున్న పిల్లలు చదివితే మంచిదే. నాకు తెలిసిన విద్య ఒకటి వాళ్లకు ఊరికే దొరుకుతుంది.

ముందు ఆ బటన్ పని చెప్పాలి. కెమెరాకు మనుషులు తెలియరు, రంగులు తెలియవు. ఎదురుగా ఏది పెట్టినా అది మొత్తమ్మీద బూడిదరంగులో ఉంటుందని దాని నమ్మకం. నల్లటి వస్తువు నిండుగా కనపడితే ఇక్కడేదో చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచుతుంది. నలుపు బూడిదవుతుంది. తెల్లటిది నిండుగా కనపడితే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. తెలుపు కూడా బూడిదవుతుంది, ఆ తెలుపు మధ్యలో ఉన్న మొహాలు ఇంకా చీకటవుతాయి. అప్పుడు మనం కల్పించుకోవాలి. నలుపుకు మైనస్, తెలుపుకు ప్లస్. వినేటప్పుడు తిరగేసి చెప్పినట్లు ఉంటుంది గానీ సంగతి అదే.

ఈ బటన్‌కు అన్ని మోడ్‌లలో పెత్తనం లేదు. మాన్యువల్లో అన్నీ మనమే పెట్టుకుంటాం కాబట్టి దానికి పని లేదు. పూర్తి ఆటోలో పెడితే దాన్ని కెమెరా ముట్టుకోనివ్వదు. మధ్యలో ఏ, ఎస్, పీ అని ఉంటాయి చూడండి, సగం మనం సగం కెమెరా చేసే మోడ్‌లు, వాటిలోనే దాని మాట చెల్లుతుంది. నేను పెండ్లిళ్లన్నీ ఆ 'ఏ' అనే మోడ్‌లో తీసేవాణ్ణి. ఇంకొక్క సంగతి. నా కెమెరాను ఆపి మళ్లీ పెట్టినా, బ్యాటరీ తీసి వేసినా, ఒకసారి ఇచ్చిన మైనస్ అట్లాగే కూర్చుని ఉంటుంది. మనం పోయి సున్నాకు తిప్పిందాకా కదలదు.

స్టూడియోలో నాతో భాగస్వామి ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేండ్లు పెద్ద, అన్నా అనేవాణ్ణి. నేను ఫోటోలు, ఆయన వీడియో. ఏ పని మీద పోయినా, తిరిగి వచ్చి బ్యాగు దించగానే ఆయన అడిగే మొదటి మాట, "సున్నా పెట్టినావా?" అన్ని బటన్లూ మొదటికి తిప్పనిదే కెమెరాను బీరువాలో పెట్టనిచ్చేవాడు కాదు. "తిన్న గిన్నె కడగకుండా బోర్లిస్తామా?" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి.

పన్నెండేండ్ల కిందట ఆళ్లగడ్డ శిల్పి ఒకాయన తన విగ్రహాల ఫోటోలు కావాలని పిలిచినాడు. అన్నీ నల్లరాతివి. నేను పోయి తీసుకొచ్చి, ప్రింట్లు వేసి పంపితే ఫోన్లో అరిచినాడు.

"ఏందప్పా ఇది? నేను మూడు నెల్లు అరగదీసి, నూనె పెట్టి నిగనిగలాడిచ్చింటే నువ్వు బూడిద పూసి పంపినావ్?"

"రాయి అట్లే వస్తాది పెద్దాయనా."

"రాయి సంగతి నువ్వు నాకు చెప్తాండావా? ఇంకోసారి రా. ఈసారి నల్లగా రాకపోతే నిన్నే ఈడ కూర్చోబెట్టి చెక్కుతా."

మళ్లీ పోయినాను. మిట్టమధ్యాహ్నం, ఆయన పని చేసే ఆవరణలో ఎండ దంచుతోంది. మైనస్ రెండు పెడితేగానీ రాయి రాయిలాగా రాలేదు. ఆ ఎండలో కెమెరా వెనక తెర కనపడక, తెర వెలుతురు కూడా పూర్తిగా పెంచినాను. ఆయన ఒక్కో బొమ్మనూ తెర మీద చూసి, "ఇదీ రాయంటే" అని నా వీపు తట్టినాడు. ఆ చెయ్యి నా వీపు మీద సాయంత్రం దాకా మండింది.

బస్సు దిగి స్టూడియోకు పోలేదు. మరుసటి రోజు పొద్దున్నే పెండ్లి ఉంది కదా అని బ్యాగుతో నేరుగా ఇంటికి పోయినాను. సున్నా పెట్టినావా అని అడిగే మనిషి ఇంట్లో లేడు.

పెండ్లి నంద్యాలలోనే, అమ్మాయి వాళ్ల చర్చిలో. పెండ్లికొడుకు వాళ్లది ఆళ్లగడ్డ, మమ్మల్ని పిలిచింది వాళ్లే. అమ్మాయి అప్పటికే టీచరు. చామనఛాయ కంటే ఒక పిసరు ఎక్కువ రంగు, పెద్ద కండ్లు, దానికి మించిన నోరు. తెల్లచీర, తెల్ల ముసుగు, చేతిలో తెల్ల పూలు. వెనకాల సున్నం కొట్టిన గోడ, తెల్ల పరదాలు. ఇంతకంటే ప్లస్ అడిగే చోటు ఇంకొకటి ఉండదు. ప్రార్థన మధ్యలో మెరుపులొద్దని పాస్టరుగారు చెప్పినందుకు ఫ్లాష్ వాడలేదు. బయట తెల్ల షామియానా కింద వెలుతురు బాగుందని అక్కడా వాడలేదు. కెమెరా మైనస్ రెండులో ఉంది. తెర మాత్రం ఆళ్లగడ్డ ఎండకు పెంచిన వెలుతురుతో వెలిగిపోతోంది. చర్చి లోపలి మసకలో దాని మీద ప్రతి ఫోటో బంగారంలాగా కనపడింది.

ఆ అమ్మాయికి ఫోటో దిగడమంటే ఎంత ఇష్టమో చెప్పాలి. "అన్నా, పండ్లు కనపడేట్లు నవ్వాల్నా, కనపడకుండానా?" అని అడిగింది. "మా నాయన ఇంతవరకు ఒక్క ఫోటోలోనూ నవ్వలేదు, నువ్వు నవ్వించు చూస్తాం" అని పందెం వేసింది. ఆయన్ను నేను నవ్వించలేకపోయినాను. ఆమే చెవిలో ఏదో చెప్పి నవ్వించింది. అప్పుడు తీసినాను. ఆ రోజంతటికీ మంచి ఫోటో అదేననుకున్నాను.

మరుసటి రోజు కంప్యూటర్‌లో తెరిచినాను. తెల్లచీర సిమెంటు రంగులో ఉంది. మొహాలు లేవు. కండ్లలో తడి, పండ్లు మాత్రం కనపడుతున్నాయి. ఒక ప్లస్ ఇవ్వాల్సిన చోట రెండు మైనస్‌లు. అంటే కావలసిన వెలుతురులో ఎనిమిదో వంతు మాత్రమే పడింది. అప్పట్లో మేం చిన్న ఫైళ్లుగానే తీసేవాళ్లం, వాటిని లాగి సరిచేసే వీలు తక్కువ.

అన్న నా వెనక నిలబడి చూసినాడు.

"సున్నా పెట్టలేదు కదా నువ్వు."

"లేదన్నా."

"పోయి చెప్పేయ్. తిడ్తారు. పడు."

"మళ్లా పెండ్లి చేయమంటామా? చెప్పి ఏం లాభమన్నా?"

"లాభానికి చెప్పమన్లేదు నేను."

నేను చెప్పలేదు. ఆల్బం చేసే డిజైనర్‌కు ఇచ్చి ఎట్లైనా తేటపర్చమన్నాను. అతను చేతనైనంత చేసినాడు. వెలుతురు లాగితే మొహాల మీద ఇసుక చల్లినట్లు వచ్చింది. దాన్ని నున్నగా చేయడానికి పెండ్లికూతురు మొహానికి తెలుపు పూసినాడు. మొహం సుద్దముక్క, మెడ ఒక రంగు, చేతులు ఇంకో రంగు. ఆమె వాళ్ల నాయన నవ్విన ఫోటోలో ఆయన మొహం లాగినకొద్దీ మట్టిరంగైపోతే, అది ఆల్బంలో పెట్టనే లేదు.

ఆల్బం ఇవ్వడానికి ఆళ్లగడ్డలో వాళ్ల అత్తగారింటికి నేనూ అన్నా కలిసి పోయినాం. అత్త, పెండ్లికొడుకు, ఇద్దరు ముగ్గురు చుట్టాలు చుట్టూ కూర్చున్నారు. కొత్త కోడలు టీ గ్లాసులు పట్టుకొచ్చి, అక్కడే నిలబడి వంగి చూసింది. అత్త నాలుగైదు పేజీలు తిప్పింది.

"ఏందప్పా, పిల్ల ఇట్లుండాది? వీడియోలో బాగానే ఉండె కదా?"

అందరూ నా వైపు చూసినారు. నాకు ఆ క్షణం బాగా గుర్తుంది. నిజం నాలుక మీదే ఉంది, నాలుగు మాటల్లో అయిపోయేది. దానికి బదులు నేను ఏమన్నానంటే:

"వీడియోకు లైటు ఉంటాదమ్మా. అమ్మాయిది కొంచెం రంగు తక్కువ. దానికి తెల్లచీర, తెల్లగోడ పడదు, కెమెరాకు కష్టం. మేం చేతనైనంత తేటపర్చినాం."

ఎవరూ కోప్పడలేదు. నిపుణుడు చెప్పినాడు కదా. చుట్టాల్లో ఒకామె, "అదీ నిజమేలే, గులాబీ రంగు చీర కట్టింటే పోయుండేది" అంది. అత్త ఆల్బం మూసి, మాట్లాడకుండా తీసుకుపోయి బీరువాలో పెట్టింది. ఆ అమ్మాయి, చర్చిలో అంత మాట్లాడిన అమ్మాయి, ఖాళీ గ్లాసులు తీసుకుంటూ, "పోనీలే అన్నా, మీరేం చేస్తారు" అంది. నన్ను ఓదార్చింది.

బస్టాండులో అన్న నా పక్కన కూర్చోలేదు. నిలబడే అన్నాడు, "తప్పు నీ చేతిది. దాన్ని తీసుకుపోయి ఆ పిల్ల మొహం మీద పెట్టొస్తివి కదరా." ఆ సీజన్ అయినాక భాగం వదులుకుని సొంతంగా పెట్టుకున్నాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. మా మధ్య డబ్బు తగాదా అని ఊరనుకుంది. నేను అనుకోనిచ్చినాను. అది కూడా ఇక్కడ సరిచేస్తున్నాను. తగాదా లేదు, ఆయన తప్పు అసలే లేదు.

తర్వాత ఎనిమిదేండ్లు ఆ బటన్ విషయంలో నా అంత జాగ్రత్తపరుడు లేడు. ప్రతి ఫోటోకు ముందు చూసుకునేవాణ్ణి. జాగ్రత్త నేర్చుకున్నాను కాబట్టి పాఠం నేర్చుకున్నట్లేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఒకరోజు ఆళ్లగడ్డ పక్క పల్లెలో హైస్కూలుకు పదో తరగతి గ్రూపు ఫోటో తీయడానికి పోయినాను. తెల్ల గోడ ముందర బల్లలు వేసినారు. టీచరమ్మ ఒకామె నాకు వీపు చేసి పిల్లల్ని వరస పెడుతోంది. ఇద్దరు నల్లటి ఆడపిల్లల్ని చేతులు పట్టుకుని చివరకు తీసుకొచ్చింది.

"మేడం, నేను నడిమిట్ల ఉంటా, దాని పక్కన" అంది ఒక పిల్ల.

"నడిమిట్ల వద్దు పాపా. మన రంగుకు తెల్ల చున్నీ, తెల్ల గోడ పడదు, కెమెరాకు కష్టం. ఈ పక్కనైతే ఎండ తగుల్తాది, రోంత తేటగా వస్తావు."

ఆమెను గుర్తుపట్టక ముందే ఆ మాటను గుర్తుపట్టినాను. నా మాట. చీర చున్నీ అయింది తప్ప, ఉన్నది ఉన్నట్లు ఆ స్కూలు దాకా వచ్చింది. అది కూడా ప్రేమతో, ఆ పిల్లలకు మంచి చేయాలని ఆమె చెప్తోంది.

హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని పిలిచినాడు, "మేడం, మీరూ రాండి."

"నేనెందుకు సార్, చెడగొట్టేదానికి? తీసేవాళ్ల పక్కన నిలబడేది నాకు అలవాటు" అని నవ్వుతూ వచ్చి నా పక్కనే నిలబడింది. నేను లావైనాను, గడ్డం పెంచినాను. ఆమె నన్ను పోల్చుకోలేదు.

పోల్చుకోలేదు కాబట్టి మామూలుగా తీసి వచ్చేయవచ్చు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ పిల్ల చివర నిలబడి, ఎండకు కండ్లు చికిలించి, తేటగా రావడానికి గడ్డం పైకెత్తి పెట్టింది. చూడలేకపోయినాను.

"పాపా, ఒక్కసారి ఇట్లా వచ్చి గోడ నడిమిట్ల నిలబడు" అన్నాను. 'ఏ' మోడ్‌లోనే ఉంచి మూడు ఫోటోలు తీసినాను. మైనస్ రెండు, సున్నా, ప్లస్ ఒకటి. టీచరమ్మకు కెమెరా ఇచ్చినాను. మొదటిదాంట్లో పిల్ల మొహం లేదు. రెండోదాంట్లో మబ్బు పట్టినట్లుంది. మూడోదాంట్లో చున్నీ తెల్లగా ఉంది, గోడ తెల్లగా ఉంది, పిల్ల తన రంగులో తాను, బుగ్గ మీద మెరుపుతో సహా ఉంది.

పిల్ల తొంగి చూసి, "మూడూ నేనేనా మేడం?" అంది.

టీచరమ్మ ముందుకూ వెనక్కూ తిప్పి చూసింది. "ఈ అంకెలేంది?" అని అడిగింది. చెప్పినాను. శిల్పి రాయి సంగతి, తెల్లచీర సంగతి, బటన్ సంగతి. చెప్తూ ఉంటే ఆమె తెర మీద నుంచి కండ్లెత్తి నా మొహం చూసింది. పిల్లల్ని నీడలోకి పొమ్మని చెప్పింది.

"మా పెండ్లినాడు ఎంత పెట్టింటిరి?"

"మైనస్ రెండు."

"కావాలనా?"

"లేదమ్మా. ముందురోజు రాతిబొమ్మలు తీసి, తిప్పడం మర్చిపోయినా."

"మర్చిపోతే మర్చిపోతిరి. దానికేముంది, మనుషులే కదా. మా ఇంట్లో కూచోని ఆ మాట ఎందుకంటిరి?"

"తప్పు నా మీదికి రాకూడదని."

"నా మీదికి వస్తే పర్వాలేదనా?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

"నాకు చెప్తే సరిపోదన్నా. ఆ రోజు నేనొక్కదాన్నే వింటినా? మా అత్త వినె, మా ఆయన వినె. వచ్చి వాళ్లకు చెప్పల్ల. ఆదివారం చర్చి అయినాక రాండి."

తర్వాత పోయి, ఆ ఇద్దరు పిల్లల్నీ చెయ్యి పట్టుకుని తెచ్చి నడుమ నిలబెట్టింది. ఆమె మాత్రం గ్రూపులో నిలబడలేదు. నిలబడమని అడిగే మొహం నాకు లేదు.

ఆదివారం పోయినాను. భర్తకు ఆమె ముందే చెప్పినట్లుంది. నాకు కుర్చీ వేసి తాను నిలబడినాడు. అత్త మంచం మీద కూర్చుని ఉంది. అదే గది. నేను మొత్తం చెప్పినాను, బటన్‌తో సహా. ఆ పెద్దామె ఓపిగ్గా విన్నది.

"అవన్నీ నాకు తెల్దు నాయనా" అంది. "నా కోడలు పొద్దుగాల్నుంచి నా కండ్ల ముందర తిరుగుతాది. దాని రంగేందో నీ కెమెరాను అడగాల్నా నేను? ఆ పుస్తకంలో ఉండేది మా పిల్ల కాదు. ఎవురో సున్నం బొమ్మ. వచ్చినోళ్లకు అది చూపించేది ఇష్టం లేక లోపల పెడ్తి."

వాకిలి దగ్గర నిలబడిన కోడలు అత్త వైపు తిరిగింది.

"నన్ను చూపించేదానికి నామోషీ అయ్యి పెట్టినావనుకుంటి అత్తా."

"నామోషీనా? నీ గురించా?" అంది పెద్దామె. "మరి ఇన్నాళ్లూ అడగలేదేమే?"

"ఏమని అడుగుదు?"

ఇద్దరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఎనిమిదేండ్లు ఒకరినొకరు తప్పుగా అనుకుని తిరిగినారు. అది నేను పెట్టిందే. భర్త నెమ్మదిగా, "నేనైనా ఆ పొద్దు ఒక మాట అనల్ల. అనలేదు" అన్నాడు.

నేను లేచి, ఇప్పుడు మీ అందరినీ ఒక ఫోటో తీస్తానమ్మా అన్నాను. బ్యాగులో కెమెరా తెచ్చుకున్నాను కూడా. ఆమె తల అడ్డంగా ఊపి, తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"చూడన్నా. పాప మొదటి పుట్టినరోజు. ఈ ఇంటికి పైన గది కట్టినాక చేసిన ప్రార్థన. మా నాయన ఆఖరి క్రిస్మస్. అన్నీ నేనే తీసినా, దేంట్లోనూ నేను లేను. నువ్వు ఇప్పుడొకటి తీస్తే ఈ ఖాళీలు పూడిపోతాయా? పాప పెద్దదై చూసుకుంటే, వాళ్లమ్మ ఆ పొద్దు ఆడ ఉండెనని దానికెట్లా తెలుస్తాది?"

ఫోన్లో వేలితో జరుపుతూ పోయినాను. కేకు ముందర పాప, పాపను ఎత్తుకున్న అవ్వ, తాత, నాయన. అందరూ ఫోన్ పట్టుకున్న మనిషి వైపు చూసి నవ్వుతున్నారు. ఫోన్ తిరిగి ఇచ్చి వచ్చేసినాను.

దానికి జవాబు వెతుక్కోవడానికి నాకు ఇంకో నాలుగేండ్లు పట్టింది. స్టూడియో మూసినాక, ఉన్నది ఉన్నట్లు రాస్తానని ఆమెకు ఫోన్ చేసినాను. పేర్లు రాయనని చెప్పినాను. "రాయండి. పాప తెలుగు బాగా చదువుతాది" అంది.

కాబట్టి పాపా, ఇది నీకు. ఆ ఫోటోల్లో మీ అమ్మ కనపడకపోవడానికి కారణం నేను. ప్రతి ఫోటోలోనూ మీరంతా చూసి నవ్వుతున్నది మాత్రం ఆమెనే.